దసరా నుంచి సంక్రాంతి దాకా ప్రదర్శనలలో అమ్మడానికి ఏ చేతిపని ఎంచుకోవాలి?

కృష్ణలంక కుట్టుమిషన్

సభ్యులందరికీ నమస్కారం. నేను, మా తోటికోడలు కలిసి ఈ దసరా మొదలుకొని సంక్రాంతి వరకు విజయవాడ, గుంటూరు, మంగళగిరి ప్రాంతాలలో అపార్ట్‌మెంట్ సంఘాలు, కాలేజీలు, గుళ్ళు, చర్చిలు, మహిళా సంఘాలు పెట్టే చిన్న ప్రదర్శనలలో ఒక బల్ల తీసుకుని చేతితో చేసిన వస్తువులు అమ్మాలని అనుకుంటున్నాము. ఇంట్లో ఒక కుట్టుమిషన్ ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు ఇద్దరికీ తీరిక ఉంటుంది. మొదటి పెట్టుబడిగా ఐదు వేల రూపాయలకు మించి పెట్టే స్థితిలో లేము.

ఇప్పటివరకు మేము ఆలోచించినవి సువాసన కొవ్వొత్తులు, సిల్కు దారం గాజులు, రంగులు వేసిన ప్రమిదలు, గుడ్డ సంచులు, పిల్లలకు మెత్తటి బొమ్మలు, చేతితో చేసిన సబ్బులు, సన్నటి కాగితపు పట్టీలు చుట్టి చేసే క్విల్లింగ్ జుంకాలు. ఇవన్నీ వీడియోలు చూసి నేర్చుకోగలిగినంత సులభంగానే కనిపిస్తున్నాయి. అయితే సులభంగా చేయగలగడం వేరు, అమ్ముడుపోవడం వేరు అని తెలుసు కనుక, అనుభవం ఉన్నవారు వీటిలో ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో, ఎందుకో చెప్పగలరని కోరుతున్నాను.

పట్నంబజారు పూసలు

కృష్ణలంక గారూ, గుంటూరులో పూసలు, దారాలు, గాజుల సామాను అమ్మే వ్యాపారం మాది. ప్రదర్శనలకు చేసేవారు సామాను ఎక్కువగా మా వంటి దుకాణాలలోనే కొంటారు, మిగిలిపోయిన సరుకు గురించిన బాధ కూడా మాకే చెప్పుకుంటారు. అందువల్ల ముందుగా గాజుల సంగతి వివరంగా చెబుతాను.

సిల్కు దారం గాజు చేయడం నిజంగానే సులభం. ప్లాస్టిక్ గాజుకు జిగురు రాసి, దారపు పోగులను ఖాళీ లేకుండా చుట్టి, పైన రాళ్ళో గొలుసో అతికిస్తే పని అయిపోతుంది. చిక్కంతా కొలతలలో ఉంది. గాజుకు 2-4 అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే 2.25 అంగుళాలు. 2-6 అంటే 2.375, 2-8 అంటే 2.5 అంగుళాలు. వీటికి అటు 2-2, ఇటు 2-10 కలిపితే ఐదు కొలతలు. చీరకు సరిపోయే గాజు కావాలని వచ్చేవారికి పది రంగులైనా చూపించాలి. ఐదు కొలతలు, పది రంగులు అంటే రంగుకు, కొలతకు ఒక్కొక్క జత చేసినా యాభై జతలు బల్ల మీద ఉండాలి. ఇంత పెట్టినా, ఎదురుగా నిలబడిన మనిషికి నచ్చిన రంగు ఆమె చేతికి పట్టే కొలతలో లేకపోతే ఆ అమ్మకం పోయినట్టే. మీ పెట్టుబడి మొత్తం గాజులలో ఇరుక్కుపోతుంది, సంక్రాంతి తరువాత మిగిలేది కూడా అవే.

దారం పని మీద ఇష్టం ఉంటే అదే దారంతో చీర కుచ్చులు, రవికె వెనుక వేలాడే లట్కన్లు చేయండి. వాటికి కొలత బాధ లేదు. చీర వెడల్పు సుమారు 45 అంగుళాలు ఉంటుంది కనుక అంగుళానికి ఒక కుచ్చు చొప్పున వేస్తే ఒక చీరకు నలభై అయిదు వరకు పడతాయి. ముందే చేసి పెట్టనక్కరలేదు. ఏడెనిమిది రకాల నమూనాలు ఒక అట్ట మీద కుట్టి చూపించి, ప్రదర్శనలో చీర తీసుకుని, వారం తరువాత తిరిగి ఇవ్వవచ్చు. పెళ్ళిళ్ళ ముహూర్తాలు ఉన్న నెలలలో ఈ పనికి ఆదరణ బాగా ఉంటుంది.

గుణదల కొవ్వొత్తులు

మీ జాబితాలో మొదటిది కొవ్వొత్తి కనుక నా అనుభవం చెబుతాను. గుణదల మేరీమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరుగుతాయని మీకు తెలిసే ఉంటుంది. ఆ రోజులలో భక్తులు వెలిగించే మామూలు తెల్ల కొవ్వొత్తులు పెట్టెల లెక్కన యంత్రాల మీద తయారై వస్తాయి, వాటి ధరకు చేతితో చేసేవారు ఎప్పటికీ దిగలేరు. కాబట్టి చేతి కొవ్వొత్తి అంటే గాజు గ్లాసులోనో, మట్టి ముంతలోనో పోసి, సువాసన కలిపి, కానుకగా ఇచ్చుకునే వస్తువే కావాలి.

దానికి మన ఊరి ఎండ పెద్ద అడ్డంకి. పారఫిన్ మైనం రకాన్ని బట్టి సుమారు 46 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది, సోయా మైనం అంతకన్నా ముందే మెత్తబడుతుంది. బెజవాడ వేసవిలో మూసి ఉంచిన కారు లోపలి వేడికి కొవ్వొత్తులు వంగిపోవడం, అడుగున నూనె ఊరడం చాలామంది చూశారు. మీరు ఎంచుకున్న దసరా, సంక్రాంతి మధ్యకాలం దీనికి అనుకూలమే. అయినా ఏప్రిల్, మే నెలలకు సరుకు మిగల్చకూడదు.

తయారీలో రెండు మాటలు తప్పనిసరిగా గుర్తు పెట్టుకోవాలి. మైనాన్ని ఎప్పుడూ నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు, మరుగుతున్న నీళ్ళ గిన్నెలో మరొక గిన్నె పెట్టి కరిగించాలి. మైనం అంటుకుంటే దాని మీద నీళ్ళు పోయకూడదు, మూత వేసి గాలి ఆడకుండా చేయాలి. సువాసన నూనె సాధారణంగా మైనం బరువులో ఆరు నుంచి ఎనిమిది శాతం వరకు కలుపుతారు. ఎక్కువ పోస్తే ఎక్కువ వాసన వస్తుందనుకోవడం సరి కాదు, మిగులు నూనె పైకి తేలి వత్తిని పాడుచేస్తుంది.

కుట్టుమిషన్ ఉన్న ఇంటివారు ఐదు వేలలో మైనం, అచ్చులు, గ్లాసులు, నూనెలు కొని కొత్తగా మొదలుపెట్టడం అవసరమా అన్నది మాత్రం ఆలోచించవలసిన విషయమే. చేతిలో ఉన్న పనిముట్టుకు, వచ్చిన విద్యకు దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోమని నా సలహా.

బ్రాడీపేట టీచరు

నేను చాలా ఏళ్ళు పాఠశాలలో కుట్టు, అల్లికలు నేర్పాను. పదవీ విరమణ తరువాత మా పేటలోని పొదుపు సంఘాల వారికి లెక్క వేయడం నేర్పుతున్నాను. పై ఇద్దరూ చెప్పినవి విలువైన మాటలు. వాటికి ఇంకొకటి చేర్చాలి.

వీడియో చూసి అరగంటలో నేర్చుకోగలిగిన పనిని అదే వారంలో ఊరంతా నేర్చుకుంటుంది. ఒక వరుసలో ఎనిమిది బల్లలు ఉంటే, వాటిలో మూడింటి మీద ఒకే రకం క్విల్లింగ్ జుంకాలు కనిపించడానికి కారణం ఇదే. అప్పుడు కొనేవారు పనితనం చూడరు, ధర మాత్రమే అడుగుతారు. కాబట్టి చేతికి సులభంగా ఉండి, అమ్మకం దగ్గర మాత్రం మన ప్రాంతపు అవసరం తెలిసినవారే చేయగలిగే వస్తువు వెతకాలి. ఏ ఇంట్లో ఏ పండుగకు, ఏ పేరంటానికి ఏం కావాలో మీకు తెలుసు. ఆ తెలివి వీడియోలో దొరకదు.

ఇక ఒక వస్తువు మీకు సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి, ముందుగా దానిని ఒకటి కాకుండా ఒకేసారి పది చేసి చూడండి. మొదటిది చేసేటప్పుడు ఉత్సాహం ఉంటుంది, ఎనిమిదోది చేసేటప్పుడు మెడ నొప్పి, విసుగు, కుట్టు వంకర అన్నీ బయటపడతాయి. పది చేయడానికి పట్టిన కాలాన్ని పదితో భాగిస్తే ఒక్కోదాని మీద మీ శ్రమ ఎంతో తెలుస్తుంది. ఆ శ్రమకు కూలి వేసుకోండి. ఇంట్లో ఆడవారు చేసే పనికి కూలి లెక్క వేయకపోవడం మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు, చేతిపనుల ధరలు ఎప్పటికీ పైకి రాకపోవడానికి అది ఒక ముఖ్యమైన కారణం.

మీ కుట్టుమిషన్‌ను బట్టి గుడ్డ సంచి లెక్క చూపిస్తాను. అంకెలు కేవలం ఉదాహరణ కోసం, మీ బజారు ధరలు మీరు వేసుకోండి. నలభై నాలుగు అంగుళాల పన్నా, అంటే వెడల్పు, ఉన్న నూలు గుడ్డ మీటరు వంద రూపాయలు అనుకుందాం. ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల ఎత్తు సంచికి, కుట్లు, మడతలు కలుపుకుని తొమ్మిది అంగుళాల వెడల్పు, ఇరవై రెండు అంగుళాల పొడవు ముక్క కావాలి. అడుగున గుడ్డనే మడుస్తాము కనుక అక్కడ కుట్టు ఉండదు. పన్నా మీద రెండు, మీటరు పొడవు మీద నాలుగు చొప్పున ఎనిమిది ముక్కలు వస్తాయి. సంచికి గుడ్డ ఖర్చు పన్నెండున్నర రూపాయలు. పట్టీలకు నవారు, దారం కలిపి ఆరు రూపాయలు. కత్తిరించడం, కుట్టడం, ఇస్త్రీ చేయడం వరుసగా ఒక్కో దశ చొప్పున అన్నిటికీ చేసుకుంటూ పోతే సంచికి పావుగంట, గంటకు ఎనభై రూపాయల కూలి అనుకుంటే ఇరవై. మొత్తం ముప్ఫై ఎనిమిదిన్నర. ప్రదర్శనలో బల్ల అద్దె పదిహేను వందలై, వంద సంచులు అమ్మగలిగితే ఒక్కోదాని మీద పదిహేను రూపాయలు పడుతుంది. అంటే యాభై నాలుగు రూపాయల దగ్గర మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. బల్ల మీద అరవై అయిదుకు అమ్మవచ్చు. ఎవరైనా ఫంక్షన్ కోసం వంద సంచులు ఇంటి దగ్గర చెబితే, అద్దె లేదు కనుక నలభై అయిదుకు ఇచ్చినా మీ కూలి మీకు ఉంటుంది.

ఈ లెక్క కాగితం మీద రాసుకుని బల్ల దగ్గర ఉంచుకోండి. బేరం ఆడేవారి ముందు ఎంతవరకు దిగవచ్చో మీకు తెలియాలి.

సత్యనారాయణపురం శ్రావణి

నేను చేసేదాన్ని కాదు, కొనేదాన్ని. మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి, గృహప్రవేశాలకు, సీమంతాలకు తాంబూలం సంచులు కొంటూ ఉంటాము. టీచరు గారి లెక్క చాలా ఉపయోగంగా ఉంది, అయితే కొనేవారి వైపు నుంచి సంచి గురించి ఒక లోపం చెప్పాలి.

తాంబూలంలో కొబ్బరికాయ, రెండు అరటిపండ్లు, తమలపాకులు, వక్కలు, రవికె గుడ్డ ఉంటాయి, కొందరు ఒక చిన్న స్టీలు గిన్నె కూడా పెడతారు. బల్లపరుపుగా కుట్టిన సంచిలో కొబ్బరికాయ వేయగానే సంచి ఉబ్బి, అరటిపండు నలిగిపోతుంది. అడుగున రెండు మూలలనూ లోపలి వైపు త్రికోణంగా మడిచి అడ్డంగా ఒక్కొక్క కుట్టు వేస్తే రెండున్నర అంగుళాల అడుగు వస్తుంది, సంచి నిలబడుతుంది. అలా చేస్తే ఎత్తు కొంత తగ్గుతుంది కనుక ముక్క పొడవు పెంచాలి. పట్టీల దగ్గర ఒకే కుట్టు వేసిన సంచులు కొబ్బరికాయ బరువుకు దారిలోనే ఊడిపోతాయి, చతురస్రంగా కుట్టి మధ్యలో అడ్డగీతలు వేసినవి మాత్రమే నేను రెండోసారి కొంటాను.

ఇంకొక మాట. సంచి పేరంటం తరువాత కూడా పనికొచ్చేలా ఉండాలి. ఒకసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువుల మీద 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది, 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ సంచులకు కూడా అదే ఏడాది డిసెంబరు 31 నుంచి అనుమతి లేదు. ఆకుకూరలకో, పూలకో తీసుకెళ్ళడానికి వీలైన సంచి అయితే తీసుకున్నవారు దాచుకుంటారు, ఎక్కడ కొన్నారని అడుగుతారు.

కృష్ణలంక కుట్టుమిషన్

శ్రావణి గారు చెప్పిన తరువాత కాగితం మీద కొలతలు మార్చి చూశాను. ముక్క పొడవు ఇరవై నాలుగు అంగుళాలు చేస్తే పన్నా మీద రెండు రావు. కాబట్టి ముక్కను తిప్పి, పొడవును గుడ్డ పొడవు వెంట పెట్టాను. అప్పుడు పన్నా మీద తొమ్మిది అంగుళాలవి నాలుగు వస్తాయి, రెండు మీటర్ల పొడవులో మూడు వరుసలు వస్తాయి, మొత్తం పన్నెండు సంచులు. పన్నాలో ఎనిమిది అంగుళాల పట్టె మిగులుతుంది. దానిని రెండేసి అంగుళాల చొప్పున నాలుగు పట్టీలుగా చీల్చి, పదమూడు అంగుళాలకు ఒకటి కత్తిరిస్తే ఇరవై నాలుగు పిడులు వస్తున్నాయి. పన్నెండు సంచులకు సరిగ్గా సరిపోతాయి. గుడ్డ ఖర్చు సంచికి పదిహేడు రూపాయలకు పెరిగినా నవారు కొననక్కరలేదు, దారానికి రెండు రూపాయలు వేసుకున్నా మొత్తం దాదాపు మునుపటి అంతే. టీచరు గారూ, ఇది సరైనదేనా?

బ్రాడీపేట టీచరు

సరిగ్గా ఉంది. పిడులు కుట్టడానికి అదనంగా పట్టే కాలాన్ని మాత్రం కూలిలో కలపండి. గుడ్డను కత్తిరించే ముందు ఒకసారి నీళ్ళలో తడిపి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేయడం మరవకండి. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది.

మంగళగిరి మగ్గం

అమ్మా, మాది నేత కుటుంబం. గుడ్డ గురించి చెబుతాను.

మా మంగళగిరి గుడ్డకు నడుమ భాగం సాదాగా ఉండి, అందమంతా అంచులో ఉంటుంది. నిజాం అంచు అని పిలిచే జరీ అంచు దీనికి గుర్తు. మంగళగిరి చీరలకు, వస్త్రాలకు, ఆ పేరు ఈ ప్రాంతపు సరుకుకే చెందుతుందని చెప్పే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మీరు పైన చెప్పిన రెండో పద్ధతిలో ముక్క కత్తిరిస్తే అంచు పక్కకో, పట్టీలోకో పోతుంది, గుడ్డ కొన్న ప్రయోజనం నెరవేరదు. మంగళగిరి గుడ్డతో చేసేటప్పుడు టీచరు గారి మొదటి పద్ధతే మంచిది. పన్నాను సగానికి కోస్తే ప్రతి ముక్కకూ ఒక చివర అంచు వస్తుంది, దానిని సంచి మూతి దగ్గర ముందువైపు ఉంచండి. అంచు దారం విడిపోదు కనుక అక్కడ మడత కుట్టు కూడా అక్కరలేదు. ఇలాంటి సంచి ధర ఎక్కువే అవుతుంది, వందలు చేయకుండా పది పదిహేను చేసి, మామూలు సంచుల పక్కన పెట్టండి.

మీటర్ల లెక్కన కొనేముందు నేతగాళ్ళ ఇళ్ళ దగ్గర, సహకార సంఘాల దగ్గర చివరి ముక్కలు ఉన్నాయేమో అడగండి. మీటరుకు తక్కువ ముక్కలు చీరకు, చుడీదారుకు పనికిరావు, సంచికి పనికొస్తాయి. అచ్చు గుడ్డ కావాలంటే కృష్ణా జిల్లా పెడన ఉంది. అక్కడ చెక్క అచ్చులతో అద్దే కలంకారీ గుడ్డ దొరుకుతుంది, దానిని పోలిన స్క్రీన్ ప్రింటు గుడ్డ కూడా దొరుకుతుంది. రెండింటి ధరలో తేడా ఉంటుంది. ఏది కొన్నా, కొనేవారికి అదేమిటో నిజం చెప్పి అమ్మండి. స్క్రీన్ ప్రింటును అచ్చు పని అని చెప్పి అమ్మితే, ఎండలో నిలబడి రంగు అద్దిన మనిషి కూలి మీద దెబ్బ కొట్టినట్టు అవుతుంది. మామూలు సాదా నూలు గుడ్డ అయితే విజయవాడ వన్ టౌన్‌లో వస్త్రలత అనే గుడ్డల దుకాణాల సముదాయం వైపు వెళితే టోకు ధరకు దొరుకుతుంది.

తెనాలి స్టాలు

కృష్ణలంక అక్కయ్య గారూ, నేను అపార్ట్‌మెంట్ ప్రదర్శనలలో, కాలేజీ ఉత్సవాలలో స్టాలు పెడుతూ ఉంటాను. సంచుల మీద అందరూ ఒక మాటకు వచ్చినట్టు కనిపిస్తున్నారు కనుక నేను కొంచెం భిన్నంగా చెప్పాలి. బల్ల నిండా ఒకే వస్తువు ఉంటే నడిచేవారు ఆగరు. తాంబూలం సంచి ఫంక్షన్ ఉన్నవారికే కావాలి, సాయంత్రం సరదాగా వచ్చినవారు ముప్ఫై, నలభై రూపాయలలో చేతికి ఏదైనా తీసుకోవాలనుకుంటారు. వారి కోసం చిన్న వస్తువులు ఉండాలి.

కాలేజీలో తాళంచెవి గుత్తులు, జుట్టుకు కట్టుకునే గుడ్డ రబ్బరు బ్యాండ్లు బాగా పోతాయి. గుళ్ళ దగ్గర అవి పోవు. ఎక్కడ పెడుతున్నామో దాన్ని బట్టి పై వరుస మార్చుకోవాలి.

ఫోన్‌లో డబ్బు తీసుకునే క్యూఆర్ కోడ్ అట్ట రెండు చోట్ల పెట్టండి. జనం ఎక్కువైనప్పుడు సిగ్నల్ ఆగిపోతుంది కనుక పది, ఇరవై రూపాయల నోట్ల చిల్లర తప్పకుండా దగ్గర ఉంచుకోండి. ధరలన్నీ పది రూపాయల గుణిజాలలో పెడితే చిల్లర బాధ తగ్గుతుంది.

బ్రాడీపేట టీచరు

తెనాలి తమ్ముడు చెప్పింది నిజమే. రకాలు ఉండాలి, అయితే ఆ రకాలన్నీ ఒకే గుడ్డలో నుంచి, ఒకే మిషన్ మీద రావాలి. గాజులు కొంచెం, కొవ్వొత్తులు కొంచెం, ప్రమిదలు కొంచెం అని పోతే ఐదు వేలు ఐదు చోట్ల చిక్కుకుంటాయి. సంచుల తరువాత మిగిలే ముక్కలతో జుట్టు బ్యాండ్లు, పుస్తకంలో పెట్టుకునే పట్టీలు, పసుపు కుంకుమ పొట్లాలు పెట్టే మూతి ముడి చిన్న సంచులు చేయవచ్చు. వీటికి గుడ్డ ఖర్చు దాదాపు ఉండదు, కూలి మాత్రమే.

ఇంకొకటి గుమ్మం తోరణం. మన ఇళ్ళ గుమ్మాలు సాధారణంగా మూడు నుంచి మూడున్నర అడుగుల వెడల్పు ఉంటాయి. మూడు అడుగుల పట్టీకి మామిడాకు ఆకారంలో కత్తిరించి కుట్టిన ఆకుపచ్చ గుడ్డ ఆకులు వేసి, రెండు చివరలా అరడుగు తాడు వదిలితే ఏ గుమ్మానికైనా కట్టుకోవచ్చు. గాజులకు ఉన్న కొలతల చిక్కు దీనికి లేదు. దసరాకు, దీపావళికి, సంక్రాంతికి, ఆ తరువాత ఉగాదికి కూడా పనికొస్తుంది కనుక మిగిలినా నష్టం లేదు. ఆకుల లోపల గట్టి కాన్వాసు గుడ్డ పెట్టకపోతే వారం రోజులకే ఆకులు ముడుచుకుపోతాయి.

పట్నంబజారు పూసలు

తోరణానికి కింద చిన్న గంటలు వేస్తే బాగుంటాయి. ఇనుప గంటలు వద్దు, మన తేమకు తుప్పు పట్టి గుడ్డ మీద మరకలు చేస్తాయి. ఇత్తడివి ధర ఎక్కువైనా అవే వాడండి.

కొండపల్లి వాసి

బొమ్మల గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను.

మా ఊళ్ళో బొమ్మలు తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. ఆ చెక్క చాలా తేలిక. భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, ఆరిన తరువాత రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు అందరికీ తెలిసినవే. కొందరు కొత్తగా మొదలుపెట్టేవారు అట్టతోనో, అచ్చు పోసిన పదార్థంతోనో అదే రూపాలు చేసి మా కొండపల్లి పేరుతోనే అమ్ముతున్నారు. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు వాడుకునే హక్కు అందరికీ ఉండదు. ఏడాది పొడుగునా ఆ చెక్క మీద బతికే కుటుంబాలకు అది నేరుగా నష్టం. దయచేసి అటువైపు వెళ్ళవద్దని కోరుతున్నాను.

దానికి బదులు బొమ్మల కొలువుకు కావలసిన ఇతర వస్తువులు చేయండి. మన కృష్ణా, గుంటూరు వైపు సంక్రాంతికి కొలువు పెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి, కొందరు దసరాకు పెడతారు. మూడు, అయిదు, ఏడు, తొమ్మిది ఇలా బేసి సంఖ్యలో మెట్లు కడతారు. ఆ మెట్ల మీద పరిచే అంచు గుడ్డలు, బొమ్మల వెనుక వేలాడదీసే చిన్న తెరలు, బొమ్మలకు సరిపోయే చిట్టి తోరణాలు, పల్లె దృశ్యం పెట్టేవారికి పచ్చిక లాంటి చిన్న చాపలు చేసి అమ్మేవారు తక్కువ. బొమ్మలు మా దగ్గర కొంటారు, మెట్ల గుడ్డ మీ దగ్గర కొంటారు. కొలువు పెట్టే ఇల్లు ఏటా ఏదో ఒకటి కొత్తది చేర్చుకుంటుంది కనుక మీకు ఏటా వచ్చే కొనుగోలుదారులు ఏర్పడతారు.

మెత్తటి బొమ్మల విషయంలో చట్టం కూడా తెలుసుకోండి. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలన్నిటికీ 2021 జనవరి 1 నుంచి భారత ప్రమాణాల సంస్థ గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు తామే తయారుచేసి అమ్మే బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందినవారి బొమ్మలకు మినహాయింపు ఇచ్చారు. నమోదు లేకుండా దూది కుక్కి పిల్లల బొమ్మలు అమ్మడం సరి కాదు. కన్నుగా కుట్టిన పూస ఊడి పిల్లవాడి నోట్లోకి వెళితే జరిగే ప్రమాదం చట్టం కన్నా పెద్ద సంగతి.

గుణదల కొవ్వొత్తులు

సబ్బుల గురించి కూడా ఇదే చెప్పాలి. ఒంటికి రాసుకునే సబ్బు చట్టం దృష్టిలో సౌందర్య సాధనం. 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం అమ్మకానికి తయారుచేయాలంటే లైసెన్సు ఉండాలి. కరిగించి అచ్చులో పోసే తయారు సబ్బుముద్ద అయినా అంతే. ఇద్దరు మధ్యాహ్నం పూట చేసుకునే పనికి అది తగదు, జాబితాలో నుంచి తీసేయండి.

ప్రమిదలు మాత్రం దసరా, కార్తీక పౌర్ణమి మధ్య అమ్ముడుపోతాయి. రంగు వెలుపలి వైపే వేయాలి, నూనె ఉండే లోపలి భాగానికి, వత్తి ఆనే ముక్కుకు రంగు తగలకూడదు. దారిలో పగిలేవి పోను మిగిలేది తక్కువ.

కృష్ణలంక కుట్టుమిషన్

అందరికీ కృతజ్ఞతలు. సబ్బులు, మెత్తటి బొమ్మలు, గాజులు, జుంకాలు, కొవ్వొత్తులు వదిలేస్తున్నాము. దసరాకు తాంబూలం సంచులు, తోరణాలు, మిగులు ముక్కలతో చిన్న వస్తువులు చేసి, నవంబరు చివరి నుంచి కొలువు మెట్ల గుడ్డల మీద పని మొదలుపెడతాము. చీర కుచ్చుల నమూనా అట్ట కూడా బల్ల మీద ఉంచుతాము. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ప్రభుత్వం తరఫున జరిగే ప్రదర్శనలలో మాలాంటివారికి స్థలం దొరుకుతుందా? రెండు, కొలువు మెట్ల గుడ్డకు కొలత ఎలా నిర్ణయించాలి, ఒక్కొక్కరి మెట్లు ఒక్కొక్కలా ఉంటాయి కదా?

బ్రాడీపేట టీచరు

మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. పొదుపు సంఘాలు పట్టణాలలో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా పరిధిలో, పల్లెలలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ పరిధిలో ఉంటాయి. సంఘ సభ్యులైతే డ్వాక్రా బజార్లకు, సంఘాల వస్తువులు అమ్మే సరస్ ప్రదర్శనలకు ఆ మార్గంలోనే పేర్లు వెళతాయి. మీ వార్డులోని సంఘంలో చేరి, మీరు చేసే వస్తువుల నమూనాలు ముందుగానే చూపించండి, ప్రదర్శన ప్రకటించిన తరువాత పరుగెత్తితే స్థలం ఉండదు. చేతిపని వారికి కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు వేరు. అది ఉంటే హస్తకళల విభాగం నిర్వహించే బజార్లకు దరఖాస్తు చేసుకోవచ్చు. మీ పని ఆ విభాగం గుర్తించిన కళలలోకి వస్తుందో లేదో వారినే అడిగి తెలుసుకోండి. దర్జీ పనే మీకు జీవనాధారం అయితే 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని పద్దెనిమిది వృత్తులలో దర్జీ కూడా ఉంది, పనిముట్లకు పదిహేను వేల రూపాయల వరకు సాయం, అయిదు శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు రుణం ఇస్తారు. కుటుంబానికి ఒకరికే అవకాశం. మొదటి ఏడాది మాత్రం అప్పు జోలికి వెళ్ళకండి, ఏది అమ్ముడుపోతుందో తెలిసిన తరువాత ఆలోచించవచ్చు.

కొండపల్లి వాసి

రెండో ప్రశ్నకు నా సమాధానం. మెట్లన్నిటినీ కప్పే ఒకే పెద్ద గుడ్డ చేయకండి, అది ఎవరి మెట్లకూ సరిపోదు. మెట్టు ముందు భాగంలో వేలాడే అంచు పట్టీ మాత్రమే చేయండి. ఆరంగుళాల వెడల్పు, నాలుగు అడుగుల పొడవు పట్టీ ఒకటి చొప్పున విడిగా అమ్మండి. మూడు మెట్లవారు మూడు కొంటారు, అయిదు మెట్లవారు అయిదు కొంటారు. మెట్టు ఇంకా పొడవైతే రెండింటిని పక్కపక్కనే కలిపి పెట్టుకోవడానికి చివరలలో నాడాలు కుట్టండి. పైన తెల్ల గుడ్డో, పట్టుచీరో వారే పరుచుకుంటారు.

పట్టీలకు ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ వంటి ఒకే రంగు గుడ్డ వాడండి, పూల అచ్చులు వద్దు, బొమ్మల రంగులు వాటిలో కలిసిపోయి కనబడవు. రంగు దిగే గుడ్డ అసలే వద్దు. కొలువు దగ్గర హారతి పళ్ళెంలోని నీళ్ళు ఒక్కోసారి ఒలుకుతాయి, ఎర్ర రంగు దిగితే కింద పరిచిన వారి పట్టుచీర పాడవుతుంది. తెల్ల గుడ్డ ముక్క తడిపి మీ గుడ్డ మీద గట్టిగా రుద్ది చూసి, మరక పడకపోతేనే కొనండి.